గట్టిగా అనుకున్నాం

నన్ను చూడ్డానికి వచ్చే కుర్ర సైకాలజిస్టులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, పిల్లలు అబద్ధం చెప్తున్నారని ఎలా కనిపెట్టేవారు?" అని. నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధాలాడిన పిల్లల వల్ల నాకెప్పుడూ పెద్ద చిక్కు రాలేదమ్మా. అబద్ధాన్ని నాలుగు రోజులు కదపకుండా వదిలేస్తే దానంతటదే బయటపడుతుంది. నా ప్రాణం తోడేసినవాడు ఉన్నదున్నట్టు చెప్పిన పిల్లాడు. పోలీసులకు నిజమే చెప్పాడు, మాకూ నిజమే చెప్పాడు. ఆ నిజం పట్టుకునే వాణ్ణి పెద్దల కోర్టుకు పంపించబోయాం.

వాడి సంగతి చెప్తాను. పేర్లుండవు. పోల్చుకోవడానికి వీల్లేకుండా కొన్ని గుర్తులు మార్చాను కూడా. ఆ ఊరివాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు, వాళ్ళనెవరూ ఆపలేరు.

నా ఉద్యోగమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే తెల్లారింది. నరసన్నపేటలో మా నాన్నకి స్టీలు సామాన్ల కొట్టుండేది. గల్లా పక్కన కూర్చుని బేరాలు వింటూ పెరిగాను కాబట్టి, మనిషి నోటి మాటకీ మనసులో మాటకీ ఎంత దూరమో నాకు తెలుసునని కొంచెం గర్వం. నోరు మాత్రం మంచిది కాదు. ఆస్పత్రిలో వార్డుబాయ్‌లు నేనొస్తుంటే అవతలి వరండాలోంచి తిరిగి వెళ్ళేవారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను. పద్దెనిమిది నిండని పిల్లల కేసులు చూసేది మామూలు కోర్టు కాదు, జువైనల్ జస్టిస్ బోర్డు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సభ్యులు. అయితే పదహారు నిండినవాడి మీద హత్యలాంటి నేరం ఉంటే, వాణ్ణి పిల్లాడిగానే విచారించాలా, పెద్దవాళ్ళతో సమానంగా పై కోర్టుకు పంపాలా అన్నది బోర్డు ముందు తేల్చాలి. అక్కడ మాలాంటి సైకాలజిస్టులను పిలుస్తారు. ఈ పిల్లాడికి ఆ పని చేయగల మానసిక స్థితి ఉందా, చేస్తే ఏమవుతుందో తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని అడుగుతారు. వినడానికి తేలికే. కానీ వాళ్ళడిగేది నెలల కిందట ఒకానొక పొద్దుటి మనసు గురించి. మన ముందు కూర్చునేది ఇవాళ్టి మనసు. మధ్యలో పోలీస్ స్టేషను, పిల్లల్ని ఉంచే హోమ్, లాయర్లు, ఏడుపులు అన్నీ దాని మీదుగా నడిచిపోయి ఉంటాయి.

వీడు సముద్రం ఒడ్డు పల్లెవాడు. భావనపాడుకు ఇవతలో అవతలో అనుకోండి, చాలు. పదిహేడో ఏడు నడుస్తోంది. తల్లీ తండ్రీ లేరు. అక్క పెంచింది, అక్క మొగుడు పెంచాడు. ఒకరోజు పొద్దున్న ఒడ్డున తెప్ప దగ్గర ఆ అక్క మొగుణ్ణే తెడ్డుతో తల మీద కొట్టాడు. ఒకటే దెబ్బ. ఆయన తెప్ప అంచు మీద పడి, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పక్కనే ఉన్న వీడి మేనమామ కొడుకు, ఇరవై దాటినవాడు, ఆ క్షణానే పరుగు లంకించుకుని మళ్ళీ దొరకలేదు. ఇద్దరూ కలిసి ముందే పథకం వేసుకుని చంపారని పోలీసుల మాట.

బోర్డు మా విభాగానికి రాసినప్పుడు నేను మోకాలి ఆపరేషన్‌కి సెలవులో ఉన్నాను. నా కింద పనిచేసే అమ్మాయి ఆ పని చూసింది. తెనాలి వైపు పిల్ల, ఉద్యోగంలో కొత్త. చదువులో బంగారం, పరీక్షలు చేయడంలో నాకంటే నయం. మా వైపు మాటే ఆ పిల్లకు కొరుకుడు పడలేదు. వచ్చిన కొత్తలో క్యాంటీన్‌లో "ఏటి కావాల?" అంటే "ఏ ఏరు?" అని ఎదురడిగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. హోమ్‌లో పిల్లల్ని కూడా "మీరు, అండీ" అనేది. వాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకునేవారు.

నేను సెలవు నుంచి వచ్చేసరికి రిపోర్టు బోర్డుకు వెళ్ళిపోయింది. నకలు చదివాను. పని శుభ్రంగా ఉంది. తెలివి మామూలే, మతిభ్రమణం లాంటిదేం లేదు, నిద్ర పట్టడం లేదు, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తాడు, అన్నం సగం వదిలేస్తాడు. "ముందే అనుకున్నారా?" అని ఈ అమ్మాయి అడిగిన చోట, వాడి జవాబు వాడి మాటల్లోనే రాసింది: "ఆఁ. నానూ బావా ముందురోజే అనుకున్నాం. గట్టిగా అనుకున్నాం." దాని కింద తన మాట: పరారీలో ఉన్న బావతో కలిసి ముందురోజే దృఢంగా నిర్ణయించుకున్నట్టు బాలుడు స్వయంగా చెప్పాడు.

చదివి ఉసూరుమన్నాను. ఇంక ఏ బోర్డయినా ఏం చేస్తుంది? వాడే చెప్పుకున్నాక వాణ్ణి కాపాడేవాడెవడు? అయినా వాయిదాకి ముందు ఒకసారి మొహం చూద్దామని, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని హోమ్‌కి వెళ్ళాను. వాయిదా మర్నాడే.

హోమ్ సూపరింటెండెంటు భారీ మనిషి, మంచివాడు, ఎప్పుడూ ఏదో ఒక దానికి వాపోతూనే ఉండేవాడు. ఆ రోజూ మేం కుర్చీల్లో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"తెల్లారిందగ్గిర్నుంచి ఇదే గోల మేడమ్. కుళాయి కాడ మీవోడూ ఆ పొడుగోడూ అనుకున్నారు."

"కొట్టుకున్నారా?"

"నేదు నేదు. అనుకున్నారంతే. గట్టిగా అనుకున్నారు. నానెల్లి ఇడదీసినాను."

మా అమ్మాయి గబగబా పెన్ను తీసింది. "ఏమనుకున్నారండీ? పారిపోదామనా?"

సూపరింటెండెంటు ఆవిడ వంక చూశాడు, నా వంక చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "పారిపోడవేటమ్మా! మాటా మాటా అనుకున్నారు. నీయమ్మ అంటే నీయమ్మ అని. మా కాడ అనుకోడవంటే అదే గదా."

నేనూ నవ్వాను. ఏ ఏరని అడగలేదు, అదే పదివేలు అన్నాను కూడా. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మేడమ్, గట్టిగా అనుకున్నాం అన్నాడు."

"ఎవడు?"

"ఆ అబ్బాయి. నాతో అన్నాడు."

నా నవ్వు ఆగిపోయింది. పోట్లాడుకున్నాం అంటాం, మాటా మాటా అనుకున్నాం అంటాం. మా జిల్లాల్లో తొందర జనం, ముందరి రెండు మాటలూ మింగేసి ఉత్త అనుకోవడమే మిగులుస్తాం. గట్టిగా అంటే దృఢంగా అనీ అవుతుంది, ఊరంతా వినపడేటట్టు అనీ అవుతుంది. వింటే ఇట్టే తెలిసే మాట, కాగితం మీద చదివి నేను కూడా దాటిపోయాను.

"కానీ బావతో అన్నాడు మేడమ్. పారిపోయింది బావే కదా? ఛార్జిషీటులో కూడా బావ అనే ఉంది."

"నీ మొహం! చచ్చిపోయినవాడు ఎవరు? అక్క మొగుడు. ఆయన్నేమంటాడు, బాబాయనా? మా వైపు బస్సు కండక్టరు కూడా బావే."

కేకలేసేశాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తల దించుకోలేదు, అది నాకు నచ్చింది. నేను లేచాను. "పద. ఇప్పుడే అడిగేద్దాం, పోట్లాడుకున్నావా అని."

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అడక్కండి మేడమ్. మీరు పోట్లాడుకున్నారా అంటే ఊఁ అంటాడు. నేను పథకం వేశారా అన్నా ఊఁ అనే అంటాడు. పెద్దవాళ్ళు ఏమడిగినా వాడు ఊఁ అంటున్నాడు. రేపు బోర్డులో ఈ మాట మీరే నేర్పారంటారు, మనం కాదనలేం."

అది నిజం. నా తొందరకు ఆ పిల్ల కళ్ళెం వేసింది. మాకున్నది ఒక్క సాయంత్రం. ఆ మాట మా నోట్లోంచి రాకూడదు. వాడికై వాడు చెప్పాలి, లేకపోతే లేదు. ఒకవేళ చెప్పింది పథకమే అయితే? అప్పుడు అదే రాయాలి. దానికీ సిద్ధపడ్డాం. పడ్డామని ఇప్పుడు తేలిగ్గా అంటున్నాను గానీ, ఆ పూట అంత తేలిక కాలేదు.

వాణ్ణి తీసుకొచ్చారు. ఒడ్డూ పొడుగూ ఉన్నాడు, మెడ మాత్రం చిన్నపిల్లాడిది. అమ్మాయి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది. మేమిద్దరం దూరంగా కిటికీ దగ్గర కూర్చున్నాం.

"ఈ కుర్చీ నీది. ఆ కుర్చీ ముందురోజు నీతో మాట్లాడినవాళ్ళది. ఎవరెవరు ఏమన్నారో అక్కడ కూర్చుని వాళ్ళలాగా, ఇక్కడ కూర్చుని నీలాగా చెప్పు. నేనేం అడగను," అన్నాను.

"ఆ కుర్సీ బావది," అన్నాడు.

"ఏ బావ?"

"ఏ బావేటి? మా అప్ప పెనిమిటి."

అప్పంటే అక్క. అమ్మాయి పెన్ను ఆగింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా మొహం చూసి వాడు ఏదైనా పసిగడతాడని భయం.

కానీ వాడు ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎంత చెప్పినా కూర్చోలేదు. దాని వెనక్కి వెళ్ళి నిలబడి, వీపు మీద చెయ్యి వేసి, అక్కడినుంచి ఆయన గొంతు పెట్టాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు గానీ, అది ఆయనదేనని నాకు నమ్మకం కుదిరింది. మొరటు గొంతు, నవ్వు దాచుకున్న గొంతు.

"'ఏట్రా, ఆధార్ కార్డు ఎతుకుతన్నావా? ఎతుకు. నీ తాత దిగొచ్చినా దొరకదు.'"

తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. "'ఇచ్చీ బావా. రేపు ఊల్లో కుర్రోల్లందరూ గుజరాత్ బోట్ల మీదికి ఎల్పోతన్నారు. మావ కొడుకు కూడా ఎల్పోతన్నాడు.'"

మళ్ళీ వెనక్కి. "'ఎల్తే ఎల్లనీ. ఆ బోట్ల మీద పనంటే అమ్మమ్మిల్లనుకున్నావేటి? నీకేటైనా అయితే మీ అప్ప నన్ను బతకనిస్తాదా?'"

"'నువ్వెల్లలేదా?'"

"'ఎల్లినాను గనకే సెప్తన్నాను.'"

వాడి గొంతు పెరిగింది. "'కార్డు ఇవ్వకపోతే సంపేస్తాను!'"

పక్కన అమ్మాయి ఆ మాట కూడా రాసుకుంది. వాడు లేచి నెమ్మదిగా కుర్చీ వెనక్కి నడిచాడు.

"'సంపీరా. సంపీసి రేపు వల నువ్వొక్కడివే లాగు. ముందు కూడు తిను.'"

అంతటితో ఆగి, కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "తరవాతేటైంది?" అన్నాను, నోరు ఊరుకోక.

"తిన్నాం. ఒక కంచంలోనే తిన్నాం. అప్ప ఇద్దర్నీ తిట్టినాది, గట్టిగా అనుకున్నామని."

మర్నాటి సంగతి కూడా వాడే చెప్పాడు. కార్డు లేకపోయినా పోదామని సంచీ సర్దుకుని, ఒడ్డు దారిన బస్సుకు బయల్దేరాడట. తెప్ప దగ్గర బావ సంచీ లాక్కుని నీళ్ళలోకి విసిరేశాడట. పక్కన తెడ్డుందట. అంతే. మేనమామ కొడుకు గుజరాత్ బస్సెక్కడానికి వచ్చినవాడు, నెత్తురు చూసి పారిపోయాడు. చెప్తున్నంతసేపూ వాడు ఏడవలేదు. తర్వాత గోడ పక్కన కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. నేను ఏడ్చాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేం లేదు.

హోమ్ ఆఫీసు గదిలో కూర్చుని అదనపు రిపోర్టు రాశాం. అక్కడ మా ఇద్దరికీ తగువు వచ్చింది. మా భాషలో చెప్పాలంటే, గట్టిగానే అనుకున్నాం.

"మేడమ్, 'సంపేస్తాను' అన్న ఒక్క ముక్క వద్దు. పోట్లాడుకున్నారని రాస్తే చాలు కదా. ఆ మాట చూస్తే వాళ్ళింకేం చదవరు."

"వాడు రేపు వాడి నోటితోనే చెప్తాడే తల్లీ. మనం దాచామని తెలిస్తే మిగతా కాగితాలన్నీ చిత్తు. రాయి. 'ముందు కూడు తిను' కూడా రాయి. ఒకటి తీసి ఒకటి ఉంచకు."

"మీకు ధైర్యం ఎక్కువ."

"నాకు ధైర్యమేమీ లేదు. రాయి."

రాసింది.

మర్నాడు బోర్డు. చిన్న గది, బల్లకు అటు మేజిస్ట్రేటు, ఇద్దరు సభ్యులు. పిల్లల కేసు కాబట్టి బయటివాళ్ళను రానివ్వరు. సంరక్షకురాలిగా అక్క వచ్చింది. చచ్చిపోయినవాడి భార్యా ఆవిడే, చంపినవాడి అక్కా ఆవిడే. ప్రతి వాయిదాకీ వచ్చేదట, తమ్ముడి వైపు వీపు పెట్టి గోడకేసి తిరిగి కూర్చునేదట. ఇంటికి పంపడానికి సంతకం పెట్టమని ముందొకసారి అడిగితే పెట్టలేదట. ఆ రోజూ అలాగే కూర్చుంది.

అమ్మాయి లేచి, తన రిపోర్టులో ఒక మాట తప్పుగా అర్థం చేసుకున్నానని చెప్పింది. ప్రాసిక్యూటరుకు అంతకంటే ఏం కావాలి!

"మొన్న పథకం అన్నారు. ఇవాళ పోట్లాట అంటున్నారు. రేపు పెళ్ళిచూపులంటారా?"

"ఆ మాట నాకు తెలియలేదు సార్. తెలియనప్పుడు అడగాల్సింది. అడగలేదు. నిన్న విన్నది మొత్తం రాశాం, వాడికి నష్టం కలిగే మాటతో సహా."

"మీ సీనియర్ మేడమ్ ఈ జిల్లావారే కదా. ఆవిడేమైనా నేర్పారా?"

నా నోటికి అప్పటికి నాలుగు మాటలు తయారయ్యాయి. అమ్మాయి వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి.

మేజిస్ట్రేటు మా కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేశాడు. తర్వాత వాటిని బోర్లించి పెట్టి, పిల్లాణ్ణి దగ్గరికి పిలిచాడు. "ముందురోజు నువ్వూ మీ బావా ఏం మాట్లాడుకున్నారో నువ్వే చెప్పు. ఎవరి వైపూ చూడొద్దు."

వాడు నా వైపే చూశాడు. నేను నేల చూపులు చూశాను. చెప్పరా, మొదటినుంచీ చెప్పరా, కార్డు దగ్గర్నుంచి చెప్పరా అని లోపల మొక్కుకుంటున్నాను. శ్రీకూర్మం స్వామికి కూడా మొక్కాను, ఏమని మొక్కానో గుర్తులేదు.

"నాను సంపేస్తానన్నాను," అన్నాడు.

అంతే అన్నాడు. ముందరిదీ లేదు, వెనకదీ లేదు. ప్రాసిక్యూటరు పెన్నుకు మూత పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. మా అమ్మాయి కళ్ళు మూసుకుంది.

మేజిస్ట్రేటు ముందుకు వంగి అడిగాడు. "దానికి మీ బావ ఏమన్నాడు?"

వాడి నోరు కదిలింది గానీ మాట రాలేదు. మేజిస్ట్రేటు మళ్ళీ అడగలేదు. ఆ జవాబు మేం రాశామని ఆయనకు తెలుసు, కానీ మా కాగితం వైపు చెయ్యి చాపలేదు. ఇంక అయిపోయింది అనుకున్నాను.

గోడ వైపు నుంచి మాట వచ్చింది.

"'ముందు కూడు తిను' అన్నాడు బాబూ."

అక్క తిరగలేదు. గోడకే చెప్తున్నట్టు చెప్పింది. "'సంపీరా, సంపీసి వల నువ్వొక్కడివే లాగు, ముందు కూడు తిను' అన్నాడు. నానక్కడే ఉన్నాను, సేపలు వడ్డిస్తన్నాను. ఆల్లిద్దరూ దినమూ అలాగే అనుకునేవోరు. ఈడు సంపేస్తాననేవోడు, ఆయన నవ్వేవోడు. ఆ పొద్దు గూడా నవ్వుతాడనే ఈడనుకున్నాడు."

ప్రాసిక్యూటరు లేచి, ఆమె మాట సాక్ష్యంగా తీసుకోకూడదని అభ్యంతరం చెప్పాడు. చెప్పడం ఆయన ఉద్యోగం, ఆయన్నేమనను. ఒక సభ్యురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయింది.

బోర్డు వెంటనే ఏమీ తేల్చలేదు. మళ్ళీ వాయిదా వేసింది. ఆ మధ్యకాలం నేనూ ఆ అమ్మాయీ ఎదురుపడితే వేరే కేసుల గురించే మాట్లాడుకున్నాం. ఒకరినొకరం ఏమీ అనుకోలేదు, మీ అర్థంలో గానీ మా అర్థంలో గానీ.

వాయిదా రోజున మేజిస్ట్రేటు ఉత్తర్వు చదివాడు. ముందే నిర్ణయించుకున్నట్టు నమ్మడానికి ఆధారం కనపడలేదనీ, అప్పటికప్పుడు పుట్టిన ఆవేశంలా ఉందనీ, కేసు బోర్డులోనే నడుస్తుందనీ, వాణ్ణి పిల్లాడిగానే విచారిస్తారనీ దాని సారాంశం. అమ్మాయి బల్ల కింద నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. వాడికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. నా వైపు వంగి అడిగాడు.

"అంటే నాను సేసినట్టా, సేయనట్టా మేడమ్?"

నాకు తెలిసిన చదువంతా వెతుక్కున్నాను. "సేసినావురా," అన్నాను, వాడి భాషలోనే. వాడు తల ఊపాడు. ఇన్నాళ్ళుగా ముందే అనుకున్నాడా లేదా అని మేమంతా కొట్టుకు చచ్చాం. వాడికి ఆ సంగతే పట్టలేదు.

మేజిస్ట్రేటు అప్పుడు అడిగాడు. విచారణ పూర్తయ్యేదాకా వీణ్ణి ఎవరైనా పూచీ ఉండి ఇంటికి తీసుకెళ్తారా, లేకపోతే హోమ్‌లోనే ఉంటాడా అని. ఆయన అక్క వైపు చూశాడు గానీ అడగడానికి ఆయనకే నోరు రానట్టుంది.

"నానే తీసుకెల్తాను," అంది.

"ఆలోచించుకో అమ్మా. రోజూ కళ్ళెదురుగా ఉంటాడు."

"ఈడు కనపడితే ఆయన గ్యాపకం వస్తాడు బాబూ. ఈడు కనపడకపోతే మాత్రం రాడేటి?"

సంతకం పెట్టింది. కొంగు సర్దుకుంది. తర్వాత, ఆ ఒడ్డు మీది పొద్దు తర్వాత మొట్టమొదటిసారిగా, తమ్ముడి మొహంలోకి చూసింది. వాడు కుర్చీ అంచున బిగుసుకుపోయి ఉన్నాడు.

"లెగు," అంది. "బస్సెల్లిపోతాది."